నలుగురే… కానీ ఒకే ఇంటివాళ్లు!

‘ద కోర్స్’ అనగానే ఏ కాలేజీలో అని అడక్కండి. ఇదో బ్యాండ్, కోర్ అనేది వీళ్ల ఇంటిపేరు! జిమ్, షారన్, కెరోలిన్, ఆండ్రియా. ఒక అన్న, ముగ్గురు చెల్లెళ్లు. ఐర్లండ్‌లోని డండాక్ పట్టణం వీళ్లది. పెద్దాయనకీ చివరమ్మాయికీ తేడా పదేళ్లు!

మీకు తెలుసా? ఈ బ్యాండ్ 1990లో పుట్టింది ‘ద కమిట్‌మెంట్స్’ సినిమా ఆడిషన్ కోసం! వెళ్లింది నలుగురు. మాటలున్న పాత్ర దక్కింది ఒక్క ఆండ్రియాకే. మిగతా ముగ్గురూ? తెరమీద ఇలా కనిపించి అలా మాయం!

మీకు తెలుసా? డబ్లిన్‌లోని ‘వీలన్స్’ అనే పబ్బులో వీళ్ల పాట విని ముచ్చటపడిన అమెరికా రాయబారి జీన్ కెనడీ స్మిత్ 1994 ఫుట్‌బాల్ ప్రపంచకప్ వేడుకలకి ఏకంగా బోస్టన్ రప్పించారు. ఆవిడెవరంటారా? అధ్యక్షుడు జాన్ కెనడీకి స్వయానా చెల్లెలు!

నిర్మాత డేవిడ్ ఫోస్టర్ మైఖేల్ జాక్సన్ రికార్డింగులో తలమునకలై ఉంటే, వీళ్లు పిలవని పేరంటానికి వెళ్లినట్టు వెళ్లి ఆయన ఎదుటే వాయించేశారు. రికార్డింగ్ ఒప్పందం ఖాయం! పేరంటానికెళ్తే తాంబూలం బదులు ఆల్బమ్ దొరికింది!

మీకు తెలుసా? కెరోలిన్ వాయించే బౌరాన్ మన డప్పుకి దూరపు చుట్టం! గుండ్రటి చెక్క చట్రం, దానికి బిగించిన మేకతోలు, చేతిలో చిన్న పుల్ల. ఆండ్రియా ఊదేది రేకు పిల్లనగ్రోవి. ఆరే ఆరు రంధ్రాలు! ఆ బుల్లి గొట్టం సందడి ముందు గిటారు కూడా దిగదుడుపే!

‘రనవే’ పాట 1995లో బ్రిటన్ టాప్ 40 గడప కూడా తొక్కలేదు. 1999లో కొత్త హంగులద్దుకుని వచ్చి రెండో స్థానం! నాలుగేళ్ల తర్వాత సప్లిమెంటరీలో డిస్టింక్షన్!

మీకు తెలుసా? అదే 1999లో బ్రిటన్ ఆల్బమ్ చార్టులో ఒకటో స్థానం వీళ్లదే. రెండోదీ వీళ్లదే! ఇంట్లో పోటీ చాలదన్నట్టు తమతో తమకే పోటీ!

బ్రిటన్‌లో వీళ్లకి నంబర్ వన్ అయిన ఏకైక సింగిల్ 2000 నాటి ‘బ్రెత్‌లెస్’. దాని రచనలో చెయ్యి వేసింది మట్ లాంగ్. రాక్ బ్యాండ్ ఏసీ/డీసీ వాళ్ల ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ ఆల్బమ్ నిర్మాత! ఉరుములు పుట్టించినాయన చినుకులూ కురిపించాడు!

మీకు తెలుసా? సంగీతానికీ, సేవా కార్యక్రమాలకీ గుర్తింపుగా 2005లో నలుగురికీ బ్రిటన్ గౌరవ ఎంబీఈ పురస్కారం ఇచ్చింది. ఒకే ఇంటికి నాలుగు పతకాలు! షోకేసు సరిపోయిందో లేదో!

‘హోమ్’ ఆల్బమ్ 2005లో, తర్వాతి ‘వైట్ లైట్’ 2015లో. నడుమ పదేళ్ల ఇంటర్వెల్! పాప్‌కార్న్ ఎన్ని పొట్లాలు కావాలో లెక్కేసుకోండి.

చివరి ప్రశ్న. ఇన్నేళ్లలో ఈ బ్యాండ్‌లో ఎంతమంది సభ్యులు మారారు? సున్నా! గిటారిస్టుని మార్చొచ్చు కానీ, అన్నయ్యని మార్చడం ఎలాగండీ?