ద్రాక్షాసవము: బీజము, క్షేత్రము, సంస్కారము



బీజము ప్రధానమా, క్షేత్రము ప్రధానమా అను వాదము మనకు క్రొత్తది కాదు. ఒకే విత్తనమును రెండు చేలలో చల్లినచో రెండు విధముల పంట వచ్చుట మీరెల్లరు నెఱిగినదే. ఫ్రాన్సు దేశమున బర్గండీ మండలపు రైతులు ద్రాక్షతోటల విషయమై ఈ వాదమునే 600 ఏండ్లకు పైగా చేయుచున్నారు. ఆ ద్రాక్షనుండి వారు తీయు ఆసవమునకే వైను అని పేరు. పానమును ప్రశంసించుటకు నేనీ ప్రసంగమునకు పూనుకొనలేదు. పంటకు గుణము ఎచ్చటనుండి వచ్చును, ఆ గుణమువలన కలిగిన పేరు ఎవరికి చెందును అను రెండు ప్రశ్నలు ఏ పంట పండించువానికైనను ముఖ్యములే గనుక ఈ విషయమును గైకొంటిని.

మొదట బీజమును చూతము. బర్గండీలో ఎఱ్ఱని వైనునకు పీనో నువార్ అను నల్లద్రాక్షయు, తెల్లని వైనునకు షార్డొనే అను తెల్లద్రాక్షయు ప్రధానములు. పీనో మిక్కిలి సుకుమారమైన తీగ. పండు తొక్క పలుచన, కాపు తక్కువ. దానికంటె త్వరగా పండి విస్తారముగా కాయు గామే అను జాతిని పూర్వము అచ్చటి రైతులు మక్కువతో నాటసాగిరి. 1395వ సంవత్సరమున బర్గండీ నేలుచుండిన ఫిలిప్ ప్రభువు, గామే నమ్మరాని మొక్కయని నిందించి, దానిని పెఱికివేయవలెనని శాసించెను. అయినను ఆ గామేయే దక్షిణముగా నున్న బోజొలే ప్రాంతమున గ్రానైటు రాతినేలలపై మంచి వైను నిచ్చుచు నేటికిని వర్ధిల్లుచున్నది. కావున దోషము మొక్కయందే యున్నదని చెప్పరాదు. దానికి తగిన చోటు వేఱు.

ఇక క్షేత్రము. బర్గండీలో క్లో ద వూజో అను తోట యొకటి కలదు. 12వ శతాబ్దమున సిస్టర్షియను మఠపు సన్న్యాసులు దీనిని పెంచ నారంభించిరి. తరువాత చుట్టును రాతిగోడ లేచినది. వైశాల్యము సుమారు 125 ఎకరములు. అంతయు నొకే వాలు నేల. ఎఱ్ఱని వైనునకు పీనోయే పంట. అయినను ఎగువ భాగమున మన్ను పలుచన, దాని క్రింద సున్నపురాయి. వాననీరు నిలువక జాఱిపోవును. దిగువ భాగమున బంకమన్ను దట్టము, తేమ విడువదు. నీరెక్కువైన తీగ ఆకునే పెంచి, పండును ఉబ్బించి, రసమును పలుచన చేయును. మితముగా దప్పిగొన్న తీగ చిన్న పండ్లు కాయును. రసముతో పోల్చగా తొక్క పాలెక్కువగుటచే రంగును వగరును చిక్కబడును. అందుచేత ఎగువ భాగమునకే పేరెక్కువ. రాతి రుచి వేళ్లగుండ పండులోనికి ప్రాకునని పలువురు నమ్ముదురు గాని, అది యట్లు నేరుగా జరుగునని శాస్త్రజ్ఞు లంగీకరింపరు. నేల ముఖ్యముగా నీటిని, వేడిమిని పాలుపెట్టుట చేతనే పండును తీర్చును.

బీజమును క్షేత్రమును కలిసిన చాలునా? చాలదు. ఆ గోడలోపలి తోటకే నేడు సుమారు 80 మంది యజమానులు కలరు. ప్రక్కప్రక్క వరుసల వారి వైనులుకూడ ఒక్క తీరున నుండవు. ఇందుకు కారణము చేతి సంస్కారము. ముందుగా కోసిన పండులో పులుపు మిగులును; ఆలస్యముగా కోసినచో తీపి హెచ్చి పులుపు తగ్గును. ఆ తీపినే ఈస్టు అను సూక్ష్మజీవులు సారాయముగా మార్చునని 19వ శతాబ్దమున పాశ్చరు పండితుడు నిరూపించెను. పీనో నల్లనిదైనను దాని రసము ఇంచుమించు రంగులేనిది; రంగంతయు తొక్కలోనే కలదు. తొక్కలతోకూడ కొన్నిదినములు పులియనిచ్చినప్పుడే వైను ఎఱ్ఱనగును. పిమ్మట దానిని 228 లీటర్ల ఓకు కొయ్య పీపాలలో నిలువచేయుదురు. క్రొత్త పీపా సువాసన నిచ్చును. అతిగా వాడినచో కొయ్య వాసనయే మిగిలి పొలపు గుణము మఱుగుపడును.

ఈ మూడింటికిని 19వ శతాబ్దపు ఉత్తరార్ధమున గొప్ప పరీక్ష వచ్చినది. అమెరికానుండి వచ్చిన ఫిల్లాక్సెరా అను చిన్న పురుగు వేళ్లను పట్టి, 1863 మొదలుకొని ఫ్రాన్సు తోటలను నాశనము చేయసాగెను. అమెరికా తీగల వేళ్లు ఆ పురుగునకు తట్టుకొనును. వానిపై తమ కొమ్మలను అంటుకట్టుట యొక్కటే స్థిరమైన ఉపాయముగా తోచెను. పరదేశపు వేరువలన పరదేశపు రుచి వచ్చునేమోయని రైతులు భయపడిరి. కాని పండు అంటిన కొమ్మ జాతిదే గదా! వేరు మాఱినను పీనో పీనోగానే నిలిచెను. నేడు అచ్చటి తోటలు ఇంచుమించు అన్నియు అంటు తోటలే.

తోటలు నిలిచిన పిమ్మట పేరు నిలువవలసి వచ్చెను. ఇతర ప్రాంతముల సరకును ప్రసిద్ధ గ్రామముల పేర అమ్ము మోసగాండ్రవలన నిజమైన రైతు నష్టపడుచుండెను. 1935లో ఫ్రాన్సు చట్టము చేసి, ఏ పేరు పెట్టవలెనన్నను ఏ హద్దులలో, ఏ జాతిని, ఏ పద్ధతిని పండింపవలెనో నిర్ణయించెను. మన దేశమునందును భౌగోళిక గుర్తింపు చట్టము 1999లో వచ్చినది. 2017లో బంగినపల్లి మామిడికి ఆ గుర్తింపు లభించినది.

కావున నా మనవి యిది. మీ యూరి పంటకు విశేషమైన రుచి యున్నచో, అది ఏ విత్తనమువలన, ఏ నేలవలన, ఏ పద్ధతివలన కలుగుచున్నదో ఎఱిగిన వృద్ధులుండగనే వ్రాయించి యుంచుడు. ఆ పేరుకొఱకు అర్జీ పెట్టునాడు ఆ వ్రాతయే మీకు సాక్ష్యమగును.