ఎన్‌డీఏకి కావాల్సింది సర్టిఫికెట్ల కట్ట కాదు

ఇంటర్ పిల్లల్లోనూ వాళ్ల తల్లిదండ్రుల్లోనూ ఒక మాట బాగా పాకిపోయింది. నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ) రాతపరీక్ష గట్టెక్కితే, ఆ తర్వాత సర్వీసెస్ సెలెక్షన్ బోర్డు (ఎస్‌ఎస్‌బీ) ఎంపికలో అంతా సర్టిఫికెట్ల మీదే నడుస్తుందని, అక్కడ నింపే ఫారంలో జిల్లా స్థాయి ఆటలు, ఎన్‌సీసీ, లీడర్ పదవి, రెండు మూడు ఘనమైన హాబీలు కనబడకపోతే వెనక్కి పంపేస్తారని. దీనివల్ల జరిగే నష్టం చిన్నది కాదు. బ్యాట్ పట్టని కుర్రాడు క్రికెట్ కెప్టెన్‌నని రాసుకుంటాడు. ఆడని టోర్నమెంటుకు తండ్రి డబ్బిచ్చి సర్టిఫికెట్ తెస్తాడు. సైన్యంలో అధికారి కావాలనుకునే పిల్లవాడికి మొదటి మెట్టు మీదే అబద్ధం నేర్పుతున్నాం. ఇది వెంటనే మానుకోవాలి.

ఆ ఫారాన్ని పీఐక్యూ అంటారు. ఇల్లు, తల్లిదండ్రుల చదువు, సంపాదన, పదో తరగతి నుంచి మార్కులు, ఆటలు, హాబీలు, మోసిన బాధ్యతలు, ఇదివరకు ఎస్‌ఎస్‌బీకి వెళ్లి ఉంటే ఆ వివరం అందులో అడుగుతారు. ఎన్‌డీఏ ఎంపికలో రాతపరీక్షకు 900 మార్కులు, ఎస్‌ఎస్‌బీకి 900. ఈ రెండో 900లో ఫలానా సర్టిఫికెట్‌కు ఇన్ని మార్కులనే వాటా లేదు. ఆ కాగితం ముందు పెట్టుకుని ఇంటర్వ్యూ అధికారి ప్రశ్నలు వేస్తారు, అంతే. క్రికెట్ అని రాస్తే ఏ స్థానంలో ఫీల్డింగ్ చేస్తావు, చివరి మ్యాచ్ ఎందుకు ఓడారు, ఆడనని అలిగినవాడిని ఎలా ఒప్పించావు అని అడగవచ్చు. తోటపని అని రాస్తే బెండకు ఏ పురుగు పట్టింది, ఏం చేశావు అనవచ్చు. నిజంగా పాదు తవ్విన పిల్ల ఆలోచించకుండా చెబుతుంది. కంఠస్థం చేసిన పిల్ల రెండో ప్రశ్నకే తడబడుతుంది.

కోచింగ్‌లో ఆ జవాబులూ నేర్పుతారుగా అంటారు. నేర్పుతారు, కానీ ఐదు రోజుల ఎస్‌ఎస్‌బీలో పిల్లవాణ్ని చూసేది ఒక్కరు కాదు. సైకాలజిస్టు రాతలను చూస్తారు, జీటీఓ (గ్రూప్ టెస్టింగ్ ఆఫీసర్) మైదానంలో చూస్తారు, మూడోవారు ఇంటర్వ్యూ చేస్తారు. ఎవరి అంచనా వారిదే, ఆఖరి రోజు కాన్ఫరెన్స్‌లో వాటిని పక్కపక్కన పెడతారు. ఒక బొమ్మను 30 సెకన్లు చూసి నాలుగు నిమిషాల్లో కథ రాయాలి. పదాల పరీక్షలో 60 మాటలు, ఒక్కోదానికి 15 సెకన్లు. ఆ వేగంలో లోపలున్నదే కాగితం మీదకు వస్తుంది. మర్నాడు మైదానంలో ఒక పలక, ఒక దుంగ, ఒక తాడు ఇచ్చి నేల తాకకుండా జట్టంతా అవతలికి దాటాలంటారు. ఫారంలో కెప్టెన్‌నని రాసినవాడు అక్కడ నోరు మెదపకుండా వెనక నిలబడితే ఆ తేడా ముగ్గురి కాగితాలూ కలిసినప్పుడు బయటపడుతుంది.

మరి ఇంటర్ రెండేళ్లూ హాస్టల్‌లో పొద్దున్నుంచి రాత్రిదాకా చదువే అయితే మావాడు ఏం రాయాలి అనేది న్యాయమైన ప్రశ్న. చేసిందే రాయాలి. సెలవుల్లో నాన్నతో దుకాణంలో కూర్చుని లెక్క చూశాడా, నానమ్మను ఆస్పత్రికి తిప్పాడా, చెల్లెలికి లెక్కలు చెప్పాడా, అవన్నీ బాధ్యతలే, ఎన్ని ప్రశ్నలడిగినా నిలుస్తాయి. ఆటలకు చోటివ్వని కాలేజీని ఎంచుకున్న తప్పు మాత్రం పెద్దలది. దాన్ని దొంగ సర్టిఫికెట్ పూడ్చదు.

మిగతా అపోహలకు ఒక్కో మాట చాలు. కోరుకొండ, కలికిరి సైనిక్ స్కూళ్ల పిల్లలకు ప్రత్యేక కోటా ఏమీ లేదు. ఎన్‌సీసీ ‘సి’ సర్టిఫికెట్‌తో ప్రత్యేక ప్రవేశం ఉన్నది డిగ్రీ చదివినవారికి, ఎన్‌డీఏకు కాదు. బైపీసీవారు ఆర్మీ విభాగానికి అర్హులే, కాకపోతే 300 మార్కుల గణితం పేపర్ తప్పదు. 2022 నుంచి ఖడక్‌వాస్లాలోని ఎన్‌డీఏలో అమ్మాయిలూ శిక్షణ పొందుతున్నారు. సీటు ఇప్పిస్తానని డబ్బు అడిగేవాడు మోసగాడు.

ఇంగ్లీషు రాకపోతే కష్టమన్న మాటను మాత్రం పూర్తిగా కొట్టిపారేయలేం. రాతపరీక్ష ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది, ఇంగ్లీషుకే 200 మార్కులున్నాయి. ఎస్‌ఎస్‌బీ బృంద చర్చలో తన మాట ఎదుటివారికి అర్థం కావాలి. అలాగని కాన్వెంట్ ఉచ్చారణ అక్కర్లేదు, తప్పులొచ్చినా ఆగకుండా చెప్పగలిగితే చాలు. తెలుగు మీడియం పిల్లలు రోజూ ఒక వార్త చదివి, దాని గురించి మూడు నిమిషాలు పైకి మాట్లాడాలి. అది అలవాటు కావడానికి నెలలు పడుతుంది, ఎస్‌ఎస్‌బీ పిలుపు వచ్చాక మొదలుపెడితే చాలదు.

ఇక దరఖాస్తు సంగతి. అందులో పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉండాలి. ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ వరుస ఆలోచించి పెట్టాలి. యూపీఎస్సీ ఈ పరీక్షను ఏటా రెండుసార్లు పెడుతుంది, పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర ఏళ్ల వయసు వరకు అవకాశం ఉంది, ఇంటర్ రెండో ఏడాదిలోనే రాయవచ్చు. మీ పిల్లలు ఫస్టియర్‌లో ఉంటే సర్టిఫికెట్ల కోసం తిరగకండి. ఈ సాయంత్రమే గంటసేపు వాళ్లను గ్రౌండ్‌కు పంపండి.