ఉత్తరం విప్పే ముందు

పూర్వం విలువైన వస్తువులను పోస్టులో పంపేటప్పుడు, కట్టు మీద లక్క కరిగించి ముద్ర వేసేవారు. ముద్ర చెదిరి ఉంటే పుచ్చుకొనేవారికి వెంటనే అనుమానం వచ్చేది. కంప్యూటర్లు ఒకదానికొకటి రాసుకొనే ఉత్తరాలకు కూడా ఇటువంటి ముద్రలు ఉన్నాయి.

ఒక దుకాణం కంప్యూటరు బ్యాంకు కంప్యూటరుకు, “ఈ ఖాతా నుంచి 500 రూపాయలు ఆ ఖాతాకు మార్చు” అని రాసిందనుకోండి. ‘సోప్’ అనే పద్ధతిలో ఈ సందేశాన్ని ఒక కవరులో పెడతారు. దాని పేరు కూడా ‘ఎన్వలప్’ అనే. చేయవలసిన పని ‘బాడీ’ అనే భాగంలో ఉంటుంది. సంతకం, తేదీ వంటివి ‘హెడర్’లో ఉంటాయి. వీటిని ఎలా రాయాలో 2004లో ఒయాసిస్ అనే ప్రమాణాల సంస్థ నిర్ణయించింది.

ఇక్కడ సంతకం సిరాతో చేసేది కాదు. సందేశంలోని అక్షరాలను, పంపేవారి దగ్గర మాత్రమే ఉండే రహస్య సంఖ్యను కలిపి లెక్కకట్టిన ఒక పెద్ద సంఖ్య. ఎవరైనా 500ను 5000గా దిద్దితే లెక్క కుదరదు. సందేశం ఎంతవరకు చెల్లుతుందో కూడా రాసి, ఆ గడువును సంతకంలో చేరుస్తారు. లేకపోతే దొంగ నిన్నటి ఉత్తరానికే నకలు తీసి ఇవాళ మళ్లీ పంపవచ్చు. దాని మీది సంతకం నిజమైనదే కదా!

పంపేవారు ఎంత జాగ్రత్తపడినా, పరీక్షించవలసింది మాత్రం పుచ్చుకొనేవారే. “సంతకం ఉంటే సరిచూడు” అని కాపలా ప్రోగ్రాముకు చెప్పామనుకోండి. దొంగ సంతకాన్నే తీసేసి పంపుతాడు. సరిచూడడానికి ఏమీ లేదు కనుక ఉత్తరం దర్జాగా లోపలికి పోతుంది! అందువల్ల, “బాడీ మీద సంతకం ఉండి తీరాలి, గడువు దాటి ఉండకూడదు, లేకపోతే తిప్పి పంపు” అని నియమం పెట్టాలి.

అదీ చాలని సందర్భం ఒకటుంది. సంతకం తాను ఏ భాగానికి చెందినదో ఒక గుర్తు ద్వారా చెబుతుంది. దొంగ అసలు బాడీని గుర్తుతో సహా హెడర్‌లో ఒక మూలకు జరిపి, దాని చోట తన బాడీని పెడతాడు. సరిచూసే ప్రోగ్రాము గుర్తును వెదుక్కుంటూ పోయి, పాత బాడీని చూసి “సరే” అంటుంది. పని చేసే ప్రోగ్రాము కొత్త బాడీని చదువుతుంది. ఇది ఊహ కాదు. అమెజాన్ సంస్థ కంప్యూటర్లను అద్దెకిచ్చే సేవలో ఇటువంటి లోపాన్నే 2009లో గ్రుష్కా, లో ఇయాకోనో అనే పరిశోధకులు బయటపెట్టారు. దానిని సరిచేశారు. 2011లో జర్మనీలోని రూర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అదే సేవలో మళ్లీ ఈ జాతి లోపాలను చూపించారు. వాటినీ సరిచేశారు.

దీనికి విరుగుడు ఏమిటి? కాపలా ప్రోగ్రాము “సరే” అని ఊరుకోకూడదు. తాను సరిచూసిన ముక్క ఏదో, దానినే లోపలి ప్రోగ్రాము చేతికి అందించాలి.