సగటు జీతం రూ.21 వేలు: ఇంతకీ అది ఎవరి జీతం?

దేశంలో నెల జీతంపై పనిచేసేవారి సగటు ఆదాయం రూ.21,103. కేంద్ర ప్రభుత్వ కార్మిక శక్తి సర్వే (పీఎల్ఎఫ్ఎస్) 2024 ఏప్రిల్-జూన్ కాలానికి తేల్చిన లెక్క ఇది. 2017 జులై-సెప్టెంబర్‌లో ఇది రూ.16,538. అంటే ఏడేళ్లలోపే సుమారు 28 శాతం పెరిగింది. చూడటానికి బాగానే ఉన్నా, ఈ అంకెను మూడు ప్రశ్నలు అడగాలి.

ఎవరి సగటు?

2023-24 సర్వే ప్రకారం శ్రామికుల్లో నెల జీతగాళ్లు 21.7 శాతమే. 58.4 శాతం మంది స్వయం ఉపాధిలో, 19.8 శాతం మంది రోజు కూలి పనుల్లో ఉన్నారు. స్వయం ఉపాధి కింద చూపినవారిలో సొంత పొలంలోనో, కొట్టులోనో జీతం లేకుండా పనిచేసే కుటుంబసభ్యులూ ఉన్నారు. మొత్తం శ్రామికుల్లో వీరి వాటా 19.4 శాతం. వీరిలో మహిళలే ఎక్కువ.

సగటు ఏం దాస్తుంది?

ఒక ఆఫీసులో తొమ్మిది మందికి రూ.12 వేల చొప్పున, మేనేజర్‌కు రూ.లక్ష ఇస్తున్నారనుకుందాం. సగటు రూ.20,800. కానీ ఆ జీతం అక్కడ ఒక్కరికీ లేదు. పదిమందినీ జీతం వారీగా వరుసలో నిలబెడితే మధ్యలో ఉన్నవారికి వచ్చేది రూ.12 వేలే. దీన్నే మధ్యగతం అంటారు. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, చిన్న ఊరి ప్రైవేటు బడి టీచరు ఇద్దరూ సర్వేలో నెల జీతగాళ్లే.

ఆ డబ్బుకు ఏమొస్తుంది?

ఇదే కాలంలో వినియోగదారుల ధరల సూచీ సుమారు 39 శాతం పెరిగింది. 2017లో రూ.16,538కి వచ్చిన సరుకులకు 2024లో దాదాపు రూ.23 వేలు కావాలి. అంటే సగటు జీతం అంకెల్లో పెరిగింది, కొనే శక్తిలో తగ్గింది.

రోజు కూలి మాత్రం ధరల కంటే వేగంగా పెరిగింది. ప్రభుత్వ పనులు మినహాయిస్తే సగటున రూ.294 నుంచి రూ.433కి, అంటే 47 శాతం. అయితే నెలలో 20 రోజులే పని దొరికితే చేతికొచ్చేది రూ.8,660. జ్వరమొచ్చినా, వానొచ్చినా ఆ రోజు కూలి పోయినట్టే.

అందుకే 'సగటు జీతం పెరిగింది' అన్న వార్త కనిపించినప్పుడు అందులో ఎవరున్నారు, మధ్యలో ఉన్నవారికి ఎంత వస్తోంది, ధరలు ఎంత పెరిగాయి అన్నవి చూడాలి. ఈ మూడూ లేని సగటు సగం సమాచారమే.