ఒక్క క్లిక్... మూడు దారులు!

యాప్‌లో 'బిల్లు చూడండి' అని ఉంటుంది. నొక్కగానే పీడీఎఫ్ తెరుచుకుంటుంది. ఇందులో వింతేముంది అనిపిస్తుంది కదూ! ఆ బటన్ వెనక కోడ్ రాసే మాలాంటి వాళ్లకి మాత్రం అది చిన్న పనేం కాదు. విండోస్, మ్యాక్, లినక్స్... ఒక్కోదానిదీ ఒక్కో దారి మరి!

పీడీఎఫ్‌ని ఒకరు క్రోమ్‌లో చూస్తారు, ఇంకొకరు అక్రోబాట్‌లో. ఆ ఎంపిక వాడేవాళ్లది. దాన్ని గుర్తుపెట్టుకునేది ఆపరేటింగ్ సిస్టమ్. కాబట్టి మన కోడ్ పెత్తనం చేయకుండా 'దీన్ని తెరువు' అని సిస్టమ్‌కే అప్పజెప్పాలి.

అందుకు మ్యాక్‌లో 'ఓపెన్' అనే కమాండ్ ఉంది. లినక్స్ డెస్క్‌టాప్‌లలో 'ఎక్స్‌డీజీ-ఓపెన్', విండోస్‌లో 'స్టార్ట్'. పైథాన్‌లో 'స్టార్ట్‌ఫైల్' అనే ఫంక్షన్ కూడా ఉంది కానీ, అది విండోస్‌కి మాత్రమే. వెబ్ లింకు అయితే ఇంత తంటా లేదు. పైథాన్‌తోపాటే వచ్చే 'వెబ్‌బ్రౌజర్' మాడ్యూల్ మూడింట్లోనూ పనిచేస్తుంది.

'స్టార్ట్'తో ఓ తిరకాసుంది. ఫైలు పేరులో ఖాళీ ఉందని కోట్స్‌లో పెడితే, దాన్ని విండో టైటిల్ అనుకుంటుంది! ఫైలు బదులు ఉత్త కమాండ్ విండో వస్తుంది. అందుకే ముందు ఖాళీ కోట్స్ పెట్టి, తర్వాత ఫైలు పేరు ఇస్తారు.

అసలు ప్రమాదం వేరే ఉంది. విండోస్‌కి 'తెరువు' అని చెప్పడం డబుల్ క్లిక్ చేయడం లాంటిదే. ఫోటో అయితే చూపిస్తుంది, ప్రోగ్రామ్ అయితే నడిపేస్తుంది. 'బిల్.పీడీఎఫ్.ఈఎక్స్‌ఈ' అనే ఫైలు వచ్చిందనుకోండి. విండోస్ మామూలుగా చివరి తోకని దాచేస్తుంది కాబట్టి మనకి పీడీఎఫ్‌లాగే కనిపిస్తుంది. కోడ్ దాన్ని గుడ్డిగా తెరిచిందా... మన పాస్‌వర్డ్‌లు, ఫోటోలు వేరేవాళ్ల చేతిలో పడొచ్చు.

అందుకే నేను మూడు నియమాలు పాటిస్తా. లింకు హెచ్‌టీటీపీ లేదా హెచ్‌టీటీపీఎస్‌తో మొదలైతేనే తెరవాలి. ఫైలు చివరి తోక అనుమతించిన జాబితాలో ఉండాలి. ఫైలు పేరుని కమాండ్ వాక్యంలో అతికించకూడదు, విడిగా పంపాలి. లేకపోతే పేరులో దాగిన గుర్తులు ఇంకో కమాండ్‌ని నడిపించొచ్చు. విండోస్‌లో అయితే 'స్టార్ట్' కన్నా 'స్టార్ట్‌ఫైల్' మేలు.

కోడింగ్ రాకపోయినా మీరు చేయగలిగింది ఒకటుంది. విండోస్ 11లో ఏదైనా ఫోల్డర్ తెరిచి వ్యూ, షో, ఆపై 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' మీద టిక్ పెట్టండి. దాగిన తోక బయటపడుతుంది. డౌన్‌లోడ్ అయిన ఏ ఫైలునైనా అది చూశాకే క్లిక్ చేయండి!