3 అక్షరాలు, 6 సంకేతాలు, 18 బైట్లు

'తెలుగు' అన్న మాటలో ఎన్ని అక్షరాలున్నాయో లినక్స్ టెర్మినల్‌ని అడిగి చూడండి. మాటను ప్రింట్‌ఎఫ్‌తో పంపి, అక్షరాలు లెక్కపెట్టే డబ్ల్యూసీ -ఎమ్ కమాండ్‌కు అందిస్తే ఒక మెషీన్ 6 అంటుంది, ఇంకోటి 18 అంటుంది. పలక మీద దిద్దుకున్న మన లెక్క 3. రెండు మెషీన్లలోనూ ఉన్నది అదే కమాండ్, ఇచ్చింది అదే మాట. తేడా అంతా లోకేల్ అనే అమరికలో ఉంది.

ముందు 6 సంగతి. యూనికోడ్‌లో తెలుగుకి 3072 నుంచి 3199 దాకా 128 స్థానాలు కేటాయించారు. అందులో త 3108, ఎత్వం 3142, ల 3122, కొమ్ము 3137, గ 3095, మళ్ళీ కొమ్ము 3137. గుణింతపు గుర్తుకీ విడిగా ఒక సంకేతం ఉంటుంది కాబట్టి మొత్తం 6. వీటిని ఫైల్లో దాచే పద్ధతి యూటీఎఫ్-8. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన ఆ పద్ధతిలో మొదటి 128 సంకేతాలకు ఒక్కో బైటు చాలు, 2047 దాకా రెండు, 65535 దాకా మూడు. ఇంగ్లిష్ అక్షరాలన్నీ తొలి 128లో ఇమిడిపోయాయి. మనవన్నీ మూడేసి బైట్లవి. ఆరు మూళ్ళు 18.

అంటే 18 అన్న మెషీన్ లెక్క తప్పలేదు, దానికి యూటీఎఫ్-8 ఉందని ఎవరూ చెప్పలేదంతే. 'సాఫ్ట్‌వేర్' అని రాసి చూస్తే ఇంకా తమాషా: 11 సంకేతాలు, 33 బైట్లు. ట కింద వ ఒత్తు పడకుండా ఆపడానికి మధ్యలో 8204వ సంకేతం ఒకటి ఉంటుంది. అది కంటికి కనపడదు, లెక్కలో మాత్రం ఉంటుంది.

మీ మెషీన్‌కు ఏం చెప్పి ఉందో తెలియాలంటే లోకేల్ అని ఒక్క మాట టైప్ చేస్తే చాలు. లాంగ్ అనే విలువతో పాటు ఎల్‌సీతో మొదలయ్యే 12 విభాగాలు వరసగా వస్తాయి: అక్షరాల గుర్తింపు, సందేశాల భాష, అకారాది క్రమం, తేదీ, డబ్బు, కాగితం కొలత వగైరా. ఒకే విషయం మీద మూడుచోట్ల మూడు విలువలుంటే ముందు ఎల్‌సీ_ఆల్ చెల్లుతుంది, అది లేకపోతే ఆ విభాగం విలువ, అదీ లేకపోతే లాంగ్. అందుకే ఎల్‌సీ_ఆల్‌ని పరీక్ష కోసం తప్ప శాశ్వతంగా పెట్టకూడదు. ఒకసారి పెట్టాక కింద ఏం మార్చినా పలకదు.

'సిస్టమ్ భాష' అని ఒక్క ముక్కలో అంటాం గానీ అది ఒక్క మీట కాదు, 12 మీటలు. నా సలహా అడిగితే, సందేశాల విభాగాన్ని ఇంగ్లిష్‌లోనే ఉంచండి. తెలుగులోకి వచ్చిన సందేశాలు కొన్నే, మిగిలినవి ఇంగ్లిష్‌లోనే పడతాయి. పైగా ఎర్రర్ వచ్చినప్పుడు ఇంగ్లిష్ వాక్యం వెతికితే పరిష్కారం దొరుకుతుంది, అనువాదం వెతికితే దొరకదు. అక్షరాల గుర్తింపు మాత్రం కచ్చితంగా యూటీఎఫ్-8 ఉండాలి. భారతీయ ఇంగ్లిష్ లోకేల్ పెట్టుకున్నా తెలుగు ఫైళ్ళకు ఏ లోటూ రాదు.

పెట్టే ముందు లోకేల్ -ఏ అని అడగండి. కనీస సరంజామాతో వచ్చే డెబియన్ సర్వర్ అయితే సీ, సీ.యూటీఎఫ్8, పోసిక్స్ అని 3 పేర్లే చూపిస్తుంది. జాబితాలో లేనిది పెడితే ప్రతి లాగిన్‌కీ సెట్‌లోకేల్ హెచ్చరిక ఎదురవుతుంది. డెబియన్‌లో అయితే లోకేల్.జెన్ ఫైల్లో తెలుగు వరస ముందున్న వ్యాఖ్య గుర్తు తీసేసి లోకేల్-జెన్ నడపాలి. ఫెడోరాలో తెలుగు ల్యాంగ్‌ప్యాక్ వేసుకోవాలి. ఆ తర్వాత లోకేల్‌సీటీఎల్ సెట్-లోకేల్ ఆ విలువను శాశ్వతం చేస్తుంది. తెలుగు లోకేలే అక్కర్లేని సర్వర్‌లో సీ.యూటీఎఫ్-8 చాలు. 2022 ఫిబ్రవరిలో వచ్చిన జీలిబ్‌సీ 2.35 నుంచి అది లైబ్రరీలోనే భాగం.

అకారాది క్రమం విభాగాన్ని సీగా వదిలేస్తే సార్ట్ కమాండ్ సంకేతాల వరసనే పాటిస్తుంది. ర 3120, ఱ 3121, ల 3122, ళ 3123, వ 3125. మన అక్షరమాలలో హ తర్వాత రావలసిన ళ, ఱ ఇక్కడ వ కన్నా ముందుకు దూకుతాయి. పదసూచి తయారుచేసేవారు ఇది గమనించకపోతే ప్రూఫులు దిద్దేవారు గమనిస్తారు.

కీబోర్డ్ పూర్తిగా వేరే వ్యవహారం, లోకేల్ మారిస్తే అది మారదు. లినక్స్ కీబోర్డ్ పట్టికల్లో భారత్ అనే లేఅవుట్ కింద తెలుగుకి ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి, కగప, సరళ అని 3 రకాలున్నాయి. ఇన్‌స్క్రిప్ట్‌లో అచ్చులు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి. త కావాలంటే ఎల్ మీట, ల కావాలంటే ఎన్ మీట. 'తెలుగు' అని రాయడానికి 6 నొక్కులు పడతాయి, సంకేతానికొకటి. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి తెలుగు రప్పించుకునే పద్ధతి లేఅవుటే కాదు, అది ఐబస్ లాంటి ఇన్‌పుట్ మెథడ్ చేసే పని. దాన్ని, లేఅవుట్లు పెట్టే సెట్ఎక్స్‌కేబీమ్యాప్ కమాండ్‌లో వెతికితే దొరకదు.

ఆ కమాండ్‌తో గరిష్ఠంగా 4 లేఅవుట్లు వరసగా పెట్టుకోవచ్చు. మొదటిది ఇంగ్లిష్ అయి తీరాలి. తెలుగు ఒక్కటే పెట్టి లోకేల్‌సీటీఎల్‌తో శాశ్వతం చేశారంటే, లాగిన్ పాస్‌వర్డ్ పెట్టెలో ఇంగ్లిష్ అక్షరం పడదు, పొరపాటు సరిదిద్దే కమాండ్ కొట్టడానికీ అక్షరాలుండవు. రెండు లేఅవుట్లు, మారడానికి ఆల్ట్-షిఫ్ట్ జంట, అంతకు మించి చాలామందికి అవసరం రాదు. వేలాండ్ మీద నడిచే గ్నోమ్‌లో సెట్ఎక్స్‌కేబీమ్యాప్ మాట చెల్లదు, జీసెట్టింగ్స్‌తో ఇన్‌పుట్ సోర్సుల జాబితా మార్చాలి.

ఇక కిటికీలు లేని నల్లటి కన్సోల్. అక్కడ ఫాంట్‌లో పట్టేవి గరిష్ఠంగా 512 రూపాలు. వర్గాక్షరాలు 25, య నుంచి హ దాకా 8, ళ, ఱ కలిపితే మన హల్లులు 35. ఒక హల్లు కింద ఇంకో హల్లు ఒత్తుగా పెడితే వచ్చే జంటలే 1,225, గుణింతాలు ఇంకా లెక్కలోకి రాలేదు. పైగా గళ్ళలో విడివిడి రూపాలు పేర్చడమే తప్ప అక్షరాన్ని గుణింతంతో కలిపి గీయడం కన్సోల్‌కు రాదు. కాబట్టి ఏ లోకేల్ పెట్టినా అక్కడ తెలుగు కనపడదు. ఫైల్లో బైట్లు మాత్రం భద్రంగానే ఉంటాయి. వాటిని చదవాలంటే గ్రాఫిక్స్ ఉన్న ఇంకో కంప్యూటర్ నుంచి ఎస్ఎస్‌హెచ్ ద్వారా సర్వర్‌లోకి వెళ్ళండి, అప్పుడు అక్షరాలు గీసే పని మీ ల్యాప్‌టాప్ చూసుకుంటుంది.