అవసరం: ఒకే మాట, పలు అర్థాలు

"అవసరం" అన్న మాట మన యిళ్లలో దినమూ వినబడేదే. సంస్కృతంలో దీనికి తగిన సమయము, సందర్భము అని అర్థం. హిందీలోను, మలయాళంలోను అది అవకాశం. తమిళ, కన్నడాలలో తొందర. అంబులెన్సును తమిళులు 'అవసర ఊర్ది' అంటారు. ఒరియావారి 'అబసర' అయితే తీరిక, ఉద్యోగ విరమణ కూడా! మనకు మాత్రం కావలసి రావడం.

సమయం దాటిపోతుందంటే తొందర. సమయం మిగిలిందంటే తీరిక. సమయానికి కావలసినది అవసరం. మూలం ఒక్కటే గదా!

కనుక పొరుగింటి తమిళ సోదరి "అవసరం" అని తలుపు తడితే, "ఏమి కావాలమ్మా?" అని నిలబడరాదు, వెంటనే వెళ్లవలెను. మన పిల్లలు "అవసరంగా వచ్చాను" అంటే కసురుకొనక, రెండర్థాలూ విడమరచి చెప్పండి. పొరుగు మాట నేర్వవలసినదే. మన మాట మరువరానిది.